కృంగినవాని చేతి కుంచె

ధ్యానభాగము: 1 రాజులు 19:1-8

విన్సెంట్ వాన్ గో అను చిత్రకారుడు 1853 మార్చి 30న హాలెండు దేశములోని జుండెర్ట్ గ్రామమందు జన్మించెను. అతని తండ్రి సంఘకాపరి. తానును దేవుని సేవ చేయగోరి, 1879లో బెల్జియం దేశమందలి బొరినాజ్ బొగ్గుగనుల ప్రాంతములో ఆరు నెలలు బోధకుడుగా నియమింపబడెను. తన బట్టలు బీదలకిచ్చి గుడిసెలో గడ్డిమీద పరుండెను. గనిలో ప్రమాదము జరుగగా గాయపడినవారికి పరిచర్య చేసెను. అయితే ప్రసంగించు వరము లేదని కమిటీవారు అతనిని మరల నియమింపలేదు.

మిక్కిలి కృంగిన ఆ కాలముననే, 1880లో, అతడు బొమ్మలు గీయుటకు పూనుకొనెను. నోటితో చెప్పలేనిది చేతితో చెప్ప నేర్చుకొనెను.

1882లో హేగ్ నగరమందు ఒక బీద ముసలివానిని గీసెను. అతడు కుర్చీలో ముందుకు వంగి, రెండు పిడికిళ్లతో ముఖము కప్పుకొనియుండును. 1885లో తండ్రి మరణించిన పిమ్మట, ఆయన బైబిలు యెషయా 53వ అధ్యాయమున తెరచియున్నట్లు చిత్రించి, ప్రక్కను ఆరిన క్రొవ్వొత్తి నుంచెను.

తరువాత అతనికి తీవ్రమైన మనోవ్యాధి పలుమారులు కలిగెను. 1889 మే నెలలో ఫ్రాన్సులోని సెయింట్ రెమీ ఆసుపత్రిలో తానే చేరి, ఒక సంవత్సరములో సుమారు 150 చిత్రములు వేసెను. 1890 మే నెలలో ఆ ముసలివానినే మరల రంగులతో చిత్రించెను. ఒంటిమీద నీలిబట్టలు, ప్రక్కను పొయ్యిలో చిన్న మంట. నిత్యత్వపు గుమ్మమునొద్ద అని ఆ చిత్రమునకు పేరు. ఆ నెలలోనే, గాయపడినవానిని బలమంతయు పెట్టి ఎత్తుచున్న మంచి సమరయుని కూడ చిత్రించెను. అయినను జూలై 29న, 37 ఏండ్ల ప్రాయమున, తనకు తాను చేసికొన్న గాయముచే మరణించెను. తమ్ముడు థియో ప్రక్కనుండెను.

ప్రియులారా, మన వాడలలోను తల చేతబట్టుకొని అరుగుమీద కూర్చున్నవారు లేరా? విశ్వాసము లేదనియు, దయ్యము పట్టెననియు మనము త్వరపడి అందుము. బదరీవృక్షము క్రింద చావు కోరిన ఏలీయాను దేవుడు గద్దింపలేదు. దూతచేత తట్టి లేపి, రొట్టెయు నీళ్లును ఇప్పించెను. అతనిని మరల నిద్రపోనిచ్చెను. కృంగుదల పాపము కాదు; అది మోయవలసిన భారము.

కాబట్టి అట్టివారియొద్ద కూర్చుండుడి. మాట రానివారిని మాటాడుమని బలవంతపెట్టకుడి. పాటతోగాని బొమ్మతోగాని తమ దుఃఖమును తెలుపనిండు. ఇంత అన్నము పెట్టుడి. ఒంటరిగా విడువక, వైద్యునియొద్దకు తోడుగా వెళ్లుడి.

ప్రార్థన: వ్యసనాక్రాంతుడవైన ప్రభువా, తల వంచినవారిని చూచు కన్నులను, వారి ప్రక్కను నిలుచు ఓపికను మా సంఘమునకు దయచేయుము. ఆమేన్.