కొమఱ్ఱాజు లక్ష్మణరావు పంతులుగారు: గ్రంథకర్తలను కూర్చిన గ్రంథకర్త

ఆంధ్రదేశమున గ్రంథములు వ్రాసిన మహనీయులు పెక్కుమంది కలరు. ఇతరులచేత గ్రంథములు వ్రాయించి, వానిని దిద్ది, అచ్చొత్తించి, చదువరుల యిండ్లకు చేర్చినవారు మాత్రము వ్రేళ్లమీద లెక్కింపదగినంత మందియే. అట్టివారిలో అగ్రగణ్యులు కీర్తిశేషులు కొమఱ్ఱాజు వేంకట లక్ష్మణరావు పంతులుగారు. మన గ్రంథాలయమునకు ఇరువదియైదేండ్లు నిండిన యీ శుభసమయమున, బీరువాలలోని పుస్తకముల వెనుక నెట్టి పరిశ్రమ దాగియున్నదో మన గ్రామ యువకులు తెలిసికొనుట మంచిదని తలచి వారి చరిత్రమును సంగ్రహముగా వ్రాయుచున్నాను.

పూర్వము కావ్యమునకు ఆధారము కృతిభర్త. పెద్దన మనుచరిత్రమును కృష్ణదేవరాయల కంకితమిచ్చెను. శ్రీనాథుడు శృంగారనైషధమును మామిడి సింగనామాత్యున కిచ్చెను. ఆశ్రయమున్నంత కాలము కవికి లోటులేదు; అది తొలగిననాడు దిక్కులేదు. శ్రీనాథుడు కడపటి దినములలో మన కృష్ణాతీరముననే బొడ్డుపల్లెను గుత్తకు తీసికొని, పైరును వఱదపాలు చేసికొని, శిస్తు చెల్లింపజాలక బాధలు పడెనని చాటుపద్యములు చెప్పుచున్నవి. లెక్కలు వ్రాయుట వృత్తిగా గల నాకు ఆ కథ తలపునకు వచ్చినప్పుడెల్ల మనస్సు కలుక్కుమనును. అంతటి పాండిత్యమును బాకీ ఖాతాలో ఒక్క టంకమునకైనను జమ కాలేదు. పోతన రాజులను నమ్ముకొనక సేద్యమునే నమ్ముకొనెనని మనవారు చెప్పుకొందురు. ఈ రెండు త్రోవలును గాక మూడవది యొకటి కలదు. అది చదువరుల ఆశ్రయము. అచ్చుయంత్రము వచ్చిన పిమ్మటగాని ఆ త్రోవ తెఱపి కాలేదు.

ఆ త్రోవను మొదట త్రొక్కినవారు కందుకూరి వీరేశలింగం పంతులుగారు. వారు 1874లో వివేకవర్ధనిని స్థాపించి, పిదప రాజమహేంద్రవరమున తమ సొంత ముద్రాలయమునే నెలకొల్పి, తమ రచనలను తామే ప్రకటించుకొనిరి. కాని ప్రతి క్రొత్త రచయితయు ఒక ముద్రాలయమును కొనగలడా? ఆ శక్తి లేనివాని గతి యేమి? ఈ ప్రశ్నకు కార్యరూపమున ప్రత్యుత్తర మిచ్చినవారు లక్ష్మణరావు పంతులుగారు.

వారు 1877వ సంవత్సరము మే నెల 18వ తేదీన పెనుగంచిప్రోలులో జన్మించిరి. మునియేటి యొడ్డున నున్న ఆ గ్రామము నాడు కృష్ణా జిల్లాలోనిది. 2022 నుండి ఎన్.టి.ఆర్. జిల్లాలోనిది. పసితనముననే తండ్రి వేంకటప్పయ్యగారు గతించిరి. కొంతకాలము భువనగిరిలో చదివి, పిమ్మట నాగపురమున నుండిన అక్క భండారు అచ్చమాంబగారి యింట చేరి విద్యాభ్యాసము సాగించిరి. బావ భండారు మాధవరావుగారు వారిని ఆదరించి చదివించిరి. ఆ పరదేశవాసము వారికి మహోపకారము చేసినది. మహారాష్ట్రభాషను మాతృభాషవలె అలవఱచుకొని, ఆ భాషలో చరిత్రలును, శాస్త్రగ్రంథములును, పత్రికలును ఎట్లు వెలువడుచున్నవో కన్నులార చూచిరి. తెలుగువాని కట్టివి లేవను చింత వారి హృదయమున నాటుకొన్నది. కలకత్తా విశ్వవిద్యాలయమునుండి ఎం.ఏ. పట్టము నొందిరి; మునగాల సంస్థానమున రాజా నాయని వేంకట రంగారావుగారి యొద్ద దివానుగా కుదిరిరి. నేడు తెలంగాణమున సూర్యాపేట జిల్లాలో నున్న మునగాల నాడు కృష్ణా జిల్లాకే చేరియుండెను.

వారి కనుసన్నల వికసించిన తొలి రచయిత్రి ఇంటిలోనే యుండెను. అచ్చమాంబగారు తమ్మునికంటె మూడేండ్లు పెద్ద. ఆమె బడికి పోలేదు. తమ్ముడు చదువుచుండగా తోడనే కూర్చుండి అక్షరములు పట్టుకొని, తెలుగును హిందీని నేర్చి, తరువాత మఱికొన్ని భాషలలో ప్రవేశము సంపాదించెను. 1901లో ఆమె అబలా సచ్చరిత్ర రత్నమాల మొదటి భాగము వెలువడెను. 1902లో హిందూసుందరి పత్రికలో అచ్చయిన ఆమె ధనత్రయోదశి తెలుగున తొలి ఆధునిక కథలలో నొకటిగా నేటి విమర్శకులు గణించుచున్నారు. 1905లో ముప్పది యేండ్ల వయస్సుననే ఆమె దివంగతురాలయ్యెను. అక్కయును తమ్ముడును ఒక దీపమునొద్ద కూర్చుండి చదివినందున తెలుగునకు ఒక రచయిత్రి లభించినది. ప్రక్కన కూర్చుండి చదువువా డొకడున్న చాలును, వ్రాయువా డొకడు పుట్టునను సత్యమును లక్ష్మణరావుగారు పుస్తకములలో గాక తమ యింటనే నేర్చిరని నేను తలంచుచున్నాను.

1901వ సంవత్సరము సెప్టెంబరు 1వ తేదీన హైదరాబాదులో రావిచెట్టు రంగారావుగారి గృహమున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము స్థాపితమయ్యెను. నిజాము రాజ్యమున తెలుగు పలుకు చిన్నచూపు చూడబడుచున్న దినము లవి. స్థాపకులలో లక్ష్మణరావుగా రొకరు. 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయము వెలసెను. గ్రంథాలయములు వెలసినవి సరే, వానిలో నుంచుటకు పుస్తకము లేవి? కావ్యములును పురాణములును కలవు. మజిలీ కథలు కలవు. పదునెనిమిదేండ్ల విద్యార్థి దేశచరిత్రమును తెలిసికొన గోరినను, రోగమెందులకు వచ్చునో తెలిసికొన గోరినను, పరదేశపు మహాపురుషుని జీవితమును చదువ గోరినను చేతికందు తెలుగు పుస్తకము మిక్కిలి అరుదు. ఇంగ్లీషు వచ్చినవానికే జ్ఞానము, రానివానికి లేదు.

ఈ కొఱత తీర్చుటకై 1906లో హైదరాబాదున విజ్ఞానచంద్రికా గ్రంథమండలి ఏర్పడెను. లక్ష్మణరావుగారు దానికి సంపాదకులు. రావిచెట్టు రంగారావుగారు, గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు మొదలగువారు వారికి కుడిభుజములు. విజయవాడలో న్యాయవాదియై పిమ్మట ఆంధ్రప్రదేశ శాసనసభకు తొలి సభాపతియైన అయ్యదేవర కాళేశ్వరరావుగారును ఈ పనిలో పాలుపంచుకొనిరి. మునగాల రాజావారి తోడ్పాటు లేకపోలేదు. అయినను మండలికి జీవనాడి చందాదారులే. ఊరూర నున్న ఉపాధ్యాయులును, వకీళ్లును, విద్యార్థులును, చిన్న ఉద్యోగులును తలకొంచెము చందా వేసికొని పుస్తకములు తెప్పించుకొనిరి. ఒక్క ప్రభువు వేయి రూప్యము లిచ్చుటకును, వేయిమంది తలకొక రూప్య మిచ్చుటకును లెక్కలో భేదము లేదు. ఫలమున మాత్రము మహాభేదము కలదు. మొదటిచోట గ్రంథకర్తకు లభించినది ఒక్క శ్రోత. రెండవచోట వేయిమంది చదువరులు.

మండలి తొలి గ్రంథము అబ్రహాము లింకను చరిత్రము. 1907లో వెలువడిన దీనిని రచించిన హరిసర్వోత్తమరావుగారికి అప్పటికి ఇరువదినాలుగేండ్లు. కట్టెల యింట పుట్టిన బీదవాడు బానిసల సంకెళ్లు త్రెంచిన కథను అట్టి యువకుడు యువకుల కొఱకు తెలుగున చెప్పుట ఎంత సమయోచితమో ఊహింపుడు. మఱుసటి యేడు విజయవాడ నుండి స్వరాజ్య పత్రికను నడపుచు రాజద్రోహ నేరముపై ఆయన కారాగారమునకు పోయెను. తొలి గ్రంథకర్త చెఱసాలలో నున్నను మండలి తలుపులు మూయలేదు. దాని కార్యస్థానము తరువాత మదరాసునకు మాఱెను. ఆ హరిసర్వోత్తమరావుగారే పిమ్మట చిరకాలము ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘమునకు అధ్యక్షులై మనవంటి గ్రామ గ్రంథాలయములకు పెద్దదిక్కయిరి.

వైద్యులైన ఆచంట లక్ష్మీపతిగారిచేత జీవశాస్త్రమును, కలరా మొదలగు రోగములను గూర్చియు మండలి వ్రాయించినది. పదార్థవిజ్ఞానము, రసాయనశాస్త్రము తెలుగు మాటలు నేర్చుకొన్నవి. పత్రికారచనతో కాలము గడపుచుండిన చిలుకూరి వీరభద్రరావుగారి ఆంధ్రుల చరిత్రము మొదటి భాగము 1910లో మండలి పక్షముననే వెలువడెను. వీరిలో పలువురకు అంతకుముందు గ్రంథకర్తలను ప్రసిద్ధి లేదు. ఇంగ్లీషు చదివినవానికి తెలుగున వ్రాయ ధైర్యము చాలదు. తెలుగు పండితునకు క్రొత్త విషయము తెలియదు. ఇరువురిని చేరదీసి వ్రాయించుటయే లక్ష్మణరావుగారి నేర్పు.

యువజనులను పుస్తకమువైపు త్రిప్పుటకు నవలకంటె మంచి సాధనము లేదని మండలి గ్రహించినది. నవలారచనకు బహుమానము లేర్పఱచి క్రొత్తవారిని ఆహ్వానించినది. వేలాల సుబ్బారావుగారి రాణీ సంయుక్త, కేతవరపు వేంకటశాస్త్రిగారి రాయచూరు యుద్ధము, దుగ్గిరాల రాఘవచంద్రయ్యగారి విజయనగర సామ్రాజ్యము, భోగరాజు నారాయణమూర్తిగారి విమలాదేవి మొదలగునవి ఈ విధముగా ఆంధ్రుల చేతికి వచ్చినవి. విమలాదేవి కర్త 1891లో జన్మించినవాడు. బహుమాన మందునాటికి ముప్పది నిండని యువకుడు. ఆ నవలలలో చరిత్రకే అగ్రస్థానము. నాటి యింటి కష్టసుఖములను చెప్పదలచినవానికి ఆ వాకిలి కొంత యిఱుకుగనే యుండెననుట నిజము. అయినను బల్లెములును కోటలును నిండిన ఆ కథలను రాత్రి లాంతరునొద్ద చదివిన బాలుడు మఱునాడు చరిత్రపుస్తకము నడుగుటకు గ్రంథాలయమునకు వచ్చును. ఒక మెట్టు ఎక్కినవాడే రెండవ మెట్టును చూడగలడు.

సంపాదకత్వ మనగా లక్ష్మణరావుగారికి పేరునకు మాత్రమే కాదు. వ్రాతప్రతిని చదివి, ఆధారములు సరిచూచి, సందేహము వచ్చినచోట రచయితను ప్రశ్నించి, భాష సులభమగువఱకు దిద్దుట వారి పద్ధతి. తాము స్వయముగా శివాజీ చరిత్రమును, హిందూ మహాయుగము, మహమ్మదీయ మహాయుగము అను చరిత్రగ్రంథములను వ్రాసినవారగుటచే వ్రాయువాని కష్టము వారెఱుగుదురు. క్రొత్త రచయితను పొగడుట సులభము. వానికి తప్పు చూపి, చూపిన తరువాత విడువక వెన్నంటి యుండుట కష్టము. పొగడ్త ఒకనాటితో తీరును. దిద్దుబాటు రెండవ గ్రంథమునకును పనికివచ్చును.

తుదకు వారు తలపెట్టినది ఆంధ్ర విజ్ఞాన సర్వస్వము. సమస్త విషయములను అకారాది క్రమమున తెలుగువారి ముందుంచవలెనను ఆ సంకల్పము ఒక్క మనుష్యుని శక్తికి మించినది. మూడు సంపుటములు వెలువడినవి. అప్పటికే ఉబ్బసము వారిని క్రుంగదీయుచుండెను. 1919 మే నెల 27వ తేదీన వీరేశలింగం పంతులుగారు మదరాసులో లక్ష్మణరావుగారి వేదవిలాస గృహముననే కన్నుమూసిరి. నాలుగేండ్లకు, 1923 జూలైలో, నలుబదియాఱేండ్ల ప్రాయమున లక్ష్మణరావుగారును మదరాసుననే పరమపదించిరి. సర్వస్వము నడుమ నాగిపోయినది. కృష్ణా జిల్లా ఎలకుర్రువారైన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు దానిని మరల చేపట్టి కొంత సాగించిరి గాని, 1938లో వారును గతించిరి. అక్క పేరునే ధరించిన లక్ష్మణరావుగారి కుమార్తె డాక్టరు కొమఱ్ఱాజు అచ్చమాంబగారు విజయవాడలో ప్రఖ్యాత వైద్యురాలై, 1957లో ఆ నగరమునుండి లోకసభకు ఎన్నికయిరి.

వారు జీవించియుండగనే 1914 ఏప్రిల్ 10వ తేదీన విజయవాడలో రామమోహన గ్రంథాలయమున ఆంధ్రదేశ గ్రంథాలయముల తొలి మహాసభ జరిగెను. అయ్యంకి వేంకటరమణయ్యగారి పూనికతో జరిగిన ఆ సభకు చిలకమర్తి లక్ష్మీనరసింహంగారు అధ్యక్షులు. ఆ ఉద్యమ ఫలముగా ఊరూర పుస్తకశాలలు వెలసినవి. 1935లో పాతూరి నాగభూషణంగారు కృష్ణా కాలువపై పడవలో పుస్తకముల నుంచి రేవురేవునకు త్రిప్పిరి. పడవ యున్నను అందు నింపుటకు పుస్తకములు కావలెను గదా! ఆ పుస్తకములను పుట్టించుటకు నేర్పిన గురువులలో లక్ష్మణరావుగా రొకరు.

ఇపుడు మన సంగతి. నేడు రచయిత తన పుస్తకమును తానే అచ్చువేయించుకొనుట మునుపటంత కష్టము కాదు. నూఱు ప్రతులు కావలసిన నూఱే వేయించుకొనవచ్చును. మన పల్లెలలో కళాశాలకు పోవు పిల్లలు నోటుపుస్తకములలో కథలు వ్రాసికొనుచున్నారు. కొందఱు తలిదండ్రులను బ్రతిమాలి సొమ్ము తెచ్చి అచ్చువేయింతురు. ప్రతులు బంధువులకు ఊరక పంచిపెట్టగా మిగిలినవి అటకమీదికి ఎక్కును. ఆ అటకమీది కట్టతోనే ఆ పిల్లవాని ఉత్సాహమును అణగిపోవును. రెండవ పుస్తకము వాడు వ్రాయడు. ఇది వాని నష్టము మాత్రమే కాదు. వానిని చదువవలసిన తోడి బాలబాలికల నష్టము.

కావున కార్యవర్గమువారికి నా మనవి మూడు మాటలు. ఏటేట మన పద్దులో కొంత సొమ్మును క్రొత్త రచయితల మొదటి పుస్తకముల కొఱకు ప్రత్యేకించి, వానిని దానముగా అడుగక పూర్తి వెల యిచ్చి కొనవలెను. అచ్చునకు పోకముందే వ్రాతప్రతిని చదివి తప్పొప్పులు నిర్మొగమాటముగా చెప్పుటకు ఇద్దఱు చదువరులను నియమింపవలెను. పదుమూడు మొదలు పందొమ్మిదేండ్ల వఱకు గల పిల్లల కొఱకు ఒక బీరువా వేఱుచేసి, అందలి పుస్తకములను ఎన్నుకొను అధికారమును వారికే యియ్యవలెను. వెతుకగా దొరకిన క్రొత్త పుస్తకము పెద్దలు చేతికిచ్చినదానికంటె తీయగా నుండును. జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవమునకు పోవునపుడు ఆ పిల్లలను వెంటగొనిపోయి, పేరుపొందిన గ్రంథములతోపాటు పేరులేని యువరచయిత పుస్తక మొకటియైనను వారిచేత ఎన్నిక చేయింపవలెను.

ఇందులకు కావలసిన సొమ్ము స్వల్పము. చందాపుస్తకమున ఇంటికొక పేరు చేరిన చాలును. లక్ష్మణరావు పంతులుగారు చేతిలో చందాపట్టీతోడను, వ్రాతప్రతితోడను ఆరంభించిన కార్యమును మన గ్రామము తన మేరకు కొనసాగించునుగాక. రాబోవు స్వర్ణోత్సవ సంచికను మన పిల్లలలో ఒక గ్రంథకర్తయే కూర్చునుగాక.