మహామంత్రి తిమ్మరుసు

గుంటూరుకు పడమటి దిశలో, పత్తి చేల నడుమ నిలిచిన కొండవీటి దుర్గం ఒకప్పుడు రెడ్డిరాజుల రాజధాని. పదహారవ శతాబ్ది ఆరంభానికి అది కళింగాధీశులైన గజపతుల వశంలో ఉండేది. దానిని విజయనగర సామ్రాజ్యంలో చేర్చిన ఘనతలో శ్రీకృష్ణదేవరాయల ఖడ్గానికి ఎంత భాగముందో, సాళువ తిమ్మరుసు మేధస్సుకూ అంత భాగముంది.

తిమ్మరుసు వీరనరసింహరాయల కాలం నుండీ మంత్రి. మరణశయ్య మీది ఆ రాజు తన తమ్ముని కన్నులు పెరికించమని ఆజ్ఞాపించగా, మేక కన్నులు చూపి ఆ యువకుని మంత్రి కాపాడాడని కథ. 1509లో రాజ్యానికి వచ్చిన ఆ తమ్ముడే కృష్ణదేవరాయలు. తిమ్మరుసును ఆయన అప్పాజీ అని తండ్రివలె గౌరవించాడు.

1514లో ఉదయగిరి లొంగిన తరువాత సేనలు నేరుగా కొండవీటిపైకి దూకలేదు. అద్దంకి, వినుకొండ, బెల్లంకొండ, నాగార్జునకొండ, తంగెడ, కేతవరం దుర్గాలు ముందుగా వశమయ్యాయి. చుట్టూ ఉన్న కోటలు కూలితే నడుమనున్న గిరిదుర్గానికి సాయం ఎటునుండి వస్తుంది? ముట్టడి సాగింది. 1515 జూన్ 23న కొండవీడు పడిపోయింది. గజపతి కుమారుడు వీరభద్రుడు, అతని పాత్రసామంతులు సజీవంగా పట్టుబడ్డారు. వారికి రాయలు అభయదానమిచ్చినట్లు శాసనాలు చెబుతున్నాయి. చేజిక్కిన శత్రువును చంపక విడువడం ఆనాటి యుద్ధాలలో చిన్న విషయం కాదు.

గెలిచిన సీమ పాలన తిమ్మరుసుకే దక్కింది. ఆయన మేనల్లుళ్ళు నాదెండ్ల అప్పన, గోపన దుర్గాధిపతులయ్యారు. 1520 నాటి కొండవీటి శాసనంలో సంతకు వచ్చే సరకుల మీది సుంకాలు వివరంగా ఉన్నాయి. మిరప నాటికి ఈ నేల ఎరుగని పంట!

యుద్ధం కటకం వైపు సాగినప్పుడు, గజపతికి తన పదహారుగురు పాత్రులపైనే అనుమానం పుట్టేటట్లు అప్పాజీ దొంగలేఖలు పంపాడని రాయవాచకం చెబుతుంది. ఇది కల్పనే కావచ్చు. కాని ప్రజలు ఆయన బుద్ధిబలాన్ని ఎంతగా నమ్మారో దీనివల్ల తెలుస్తుంది. చివరకు ప్రతాపరుద్ర గజపతి సంధికి దిగి, కుమార్తెను రాయలకిచ్చి వివాహం చేశాడు. కృష్ణకు ఉత్తరాననున్న భూములను రాయలు తిరిగి ఇచ్చాడు.

ఇంతటివాని అంత్యకాలం విషాదమయం. 1524లో యువరాజుగా అభిషిక్తుడైన బాలుడు తిరుమలరాయడు కొద్దికాలానికే మరణించాడు. విషప్రయోగమన్న నింద మంత్రి కుటుంబంపై పడింది. పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ రాతలను బట్టి, రాయలు తిమ్మరుసును చెరలో వేయించి, కన్నులు తీయించాడు.