ముందు డిగ్రీ, ఆ తర్వాతే చెల్లో



తొమ్మిదో తరగతికి రాగానే సంగీతం క్లాసు మాన్పించాలా వద్దా అన్న ప్రశ్న మీ ఇంట్లోనూ వచ్చే ఉంటుంది. నూట డెబ్బై ఏళ్ల కిందట రష్యాలో ఒక డాక్టరు గారి ఇంట్లో దాదాపు ఇదే ప్రశ్న వచ్చింది. ఆ ఇంటి అబ్బాయి పేరు కార్ల్ దవిదోవ్. 1838లో, అప్పటి రష్యా సామ్రాజ్యంలో ఉన్న గోల్డింగెన్‌లో పుట్టాడు. ఆ ఊరు ఇప్పుడు లాత్వియాలో ఉంది, పేరు కుల్డీగ. తర్వాత కుటుంబం మాస్కో చేరింది.

అబ్బాయికి చిన్నప్పటి నుంచే చెల్లో అంటే ప్రాణం. వయొలిన్ కుటుంబానికే చెందిన పెద్ద వాయిద్యమిది. కుర్చీలో కూర్చుని, మోకాళ్ల మధ్య నిలబెట్టుకుని వాయిస్తారు. గొంతు మంద్రంగా ఉంటుంది. అయితే ఇంట్లో పెద్దలు ఒక షరతు పెట్టారు: ముందు విశ్వవిద్యాలయం చదువు పూర్తి కావాలి, సంగీతమే బతుకుతెరువు అనే మాట ఆ తర్వాతే. ఆ ఇంట్లో లెక్కలంటే మామూలు గౌరవం కాదు. కార్ల్ అన్నగారు అవ్‌గుస్ట్ తర్వాత మాస్కో విశ్వవిద్యాలయంలో గణిత ప్రొఫెసరయ్యారు. ఆయన రాసిన బీజగణితం, జ్యామితి పుస్తకాలను రష్యా బడిపిల్లలు చాలా ఏళ్లు చదివారు. తమ్ముడూ గణితమే చదివి, 1858లో పట్టా పుచ్చుకున్నాడు.

అప్పటికి వయసు ఇరవై. సంగీతంలో అది ఆలస్యమే. పైగా జర్మనీలోని లైప్‌జిగ్‌కు వెళ్లింది చెల్లో వాయించడానికి కాదు, హౌప్ట్‌మాన్ దగ్గర స్వరరచన నేర్చుకోవడానికి. అక్కడ ఒక ఇంటి కచేరీకి రావలసిన చెల్లో విద్వాంసుడు జబ్బుపడ్డాడు. ఆయన బదులు ఈ గణిత పట్టభద్రుణ్ణి కూర్చోబెట్టారు. పక్కన వాయిస్తున్నవాళ్లు మోషెలెస్, ఫెర్డినాండ్ డేవిడ్ వంటి ఉద్దండులు. 1859 చివర్లో, ప్రసిద్ధమైన గెవాండ్‌హౌస్ సభలో తాను రాసిన కాన్‌చెర్టోనే వాయించాడు. కొద్దికాలానికే ఆ వాద్యబృందంలో ప్రధాన చెల్లో స్థానం ఆయనదైంది.

ఇక్కడ నాకు తోచిన మాట ఒకటి చెబుతాను. పెద్దలు డిగ్రీ అడిగారు గానీ, చెల్లోను అటక ఎక్కించలేదు. ఎక్కించి ఉంటే ఆ సాయంత్రం ఆ కుర్చీ ఖాళీగానే ఉండేది.

1862లో ఆయన రష్యాకు తిరిగివచ్చి, సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో స్థిరపడ్డారు. కొత్తగా వెలిసిన సంగీత కళాశాలలో పాఠాలు చెబుతూ, రష్యన్ మ్యూజికల్ సొసైటీ క్వార్టెట్‌లో ఏళ్ల తరబడి చెల్లో వాయించారు. క్వార్టెట్ అంటే నలుగురే: రెండు వయొలిన్లు, ఒక వయోలా, ఒక చెల్లో. చెయ్యి ఊపి నడిపించే కండక్టరు ఉండడు. ఒకరి తప్పు మరొకరి చాటున దాగదు. 1868లో వచ్చిన లియోపోల్డ్ అవెర్ మొదటి వయొలిన్. ఎక్కువసార్లు పైన పాడేది ఆ వయొలినే. కింద పునాదిలా నిలబడాల్సింది చెల్లో. సభ మధ్యలో ఒంటరిగా కూర్చుని చప్పట్లు అందుకోగల మనిషి ఆ పనిని ఇష్టపడి చెయ్యడం నాకు ఆయన జీవితంలో అన్నిటికన్నా నచ్చిన విషయం. చైకోవ్‌స్కీకి ఆయనంటే ఎంతో గౌరవం. 1880 నాటి ఇటాలియన్ కాప్రిచ్చియోను ఆయనకే అంకితమిచ్చాడు.

1876లో ఆయన ఆ కళాశాలకు డైరెక్టరయ్యారు. ఫీజులు కట్టే మనకు ఈ భాగం ఆసక్తిగా ఉంటుంది: పేద విద్యార్థులకు ఉపకార వేతనాలు పెంచారు, ఉచిత వసతి ఏర్పాటు చేశారు. ఆ పదవి పదకొండేళ్లు సాగి, 1887లో వ్యక్తిగత జీవితం గురించిన ఒక వివాదం మధ్య ముగిసింది. మరుసటి ఏడాది ఆయన చెల్లో బోధనా గ్రంథం వెలువడింది. 1889లో, యాభై ఏళ్ల వయసులో, మాస్కోలో కన్నుమూశారు.

ఆయన వాయించింది ఇటలీలో స్ట్రాడివరి 1712లో చేసిన చెల్లో. వియెల్‌గోర్‌స్కీ కుటుంబం నుంచి కానుకగా వచ్చింది. ఆయన వాదన రికార్డులేవీ మనకు దొరకవు కాబట్టి, ఆ చేతి పని మనం వినలేం. ఆ వాయిద్యం మాత్రం వినవచ్చు. 1960లలో జాక్లీన్ దు ప్రే వాయించింది, ఆ తర్వాత యో-యో మా చేతికి వచ్చింది. ఈ ఆదివారం పిల్లలతో కూర్చుని వీళ్ల రికార్డింగులు ఒకటి రెండు వెతికి వినిపించండి. ఆ చెల్లోను ప్రపంచమంతా ఇప్పటికీ దవిదోవ్ అనే పిలుస్తుంది.