వరదకు వరదకు నడుమ: కాటన్ దొరగారి జీవితము

చదువవలసిన భాగము: నెహెమ్యా 1, 2 అధ్యాయములు



మన అన్నవరము విశాఖపట్టణమునకును రాజమహేంద్రవరమునకును నడుమ పెద్ద బాటమీద నున్నది. ఈ రెండు పట్టణములతోను సంబంధముగల ఒక భక్తుని జీవితమును ఈ నెల ధ్యానింపగోరుచున్నాము. ఆయన సర్ ఆర్థర్ కాటన్ దొరగారు. ఆయన గోదావరికి ఆనకట్ట కట్టెనని మన పిల్లలకును తెలియును. ఆ పనికి ముందును, ఆ పని నడుమను ఆయనకు కలిగిన ఖాళీ కాలమును గూర్చి ఎరిగినవారు తక్కువ.

కాటన్ 1803 మే 15న జన్మించి, 1821లో చెన్నపట్టణపు ఇంజనీరుల దళములో పనికి వచ్చెను. 1836లో తంజావూరు సీమలో కొల్లిడము నదిపై ఆనకట్టలు కట్టి పేరు పొందెను. పేరు వచ్చినది గాని ఒళ్లు చెడినది. సెలవు పుచ్చుకొని దూరమందున్న టాస్మేనియా ద్వీపమునకు పోయెను. అచ్చట 1841లో వివాహమాడి తిరిగివచ్చెను. తరువాత విశాఖపట్టణములో ఉండి దేవాలయ నిర్మాణము మొదలగు పనులు చూచెను. గొప్ప నదిని కట్టిన చేతికి అవి చిన్న పనులే. ఇక నా దినములు గడిచినవని మరియొకడైతే అనుకొనియుండును.

ఆ కాలమున గోదావరి సీమ మిక్కిలి నలిగియుండెను. 1833లో ఘోరమైన కరవు వచ్చెను. 1839లో ఉప్పెన కోరంగిని ముంచెను. 1821లో సుమారు 7 లక్షల 38 వేలున్న రాజమహేంద్రవరము జిల్లా జనము 1841 నాటికి సుమారు 5 లక్షల 61 వేలకు తగ్గెను. శిస్తు పడిపోయినందున కుంపెనీవారికిని దిగులు కలిగెను. ఒడ్డున నది పారుచుండగా చేలు ఎండుచుండెను.

కాటన్ ఈ సీమను పరీక్షింపసాగెను. నేల వాలు కొలిచెను. ఏటి ఒడ్డు ఎత్తుగాను, చేలు పల్లముగాను ఉన్నందున, నీటిని ఒక చోట ఎత్తి నిలిపినయెడల అది కాలువల వెంట తానే పారునని గ్రహించెను. లంకలు నదిని పాయలుగా చీల్చు ధవళేశ్వరమును అందుకు ఏర్పరచెను. 1844లో ఆనకట్టయు కాలువలును గట్లును బాటలును కావలెనని ప్రభుత్వమునకు నివేదిక వ్రాసెను. మంజూరగునో లేదో వ్రాయునప్పుడు ఆయనకు తెలియదు. అనుమతి 1846 ఆఖరున గాని రాలేదు.

నెహెమ్యాయు ఇట్టివాడే. కిస్లేవు నెలలో యెరూషలేము దుర్వార్త వినెను. నీసాను నెలలో గాని రాజునొద్ద నోరు విప్పలేదు. ఆ నాలుగు నెలలు ప్రార్థించెను, లెక్క వేసికొనెను. రాజు అడిగినప్పుడు ఎంత కాలము పట్టునో, ఏ మ్రాను కావలెనో, ఎవరికి తాకీదులు కావలెనో తడుముకొనక చెప్పగలిగెను.

1847లో పని ఆరంభమాయెను. వరదలో నదియందు పని సాగదు. నీరు తీసిన నెలలలోనే పునాది వేయవలెను. వరదకు వరదకు నడుమనున్న ఆ కొద్ది కాలములోనే ఆనకట్ట లేచినది. అయితే 1848లో కాటన్‌కు మరల జబ్బు చేసెను. పని కెప్టెన్ ఓర్ గారికి అప్పగించి ఆస్ట్రేలియాకు వెళ్లవలసివచ్చెను. మొదటి ఖాళీలో ఆయన నేర్చుకొన్నది పని. రెండవ ఖాళీలో నేర్చుకొన్నది చేయి విడుచుట. ఆయన లేకున్నను పని నిలువలేదు. కూలీలను కూర్చి నడిపించిన మన తెలుగువాడైన వీణెము వీరన్నగారి పరిశ్రమయు అందులో గొప్పది. కాటన్ 1850లో తిరిగివచ్చెను. 1852లో ధవళేశ్వరము, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరము అను నాలుగు భాగముల ఆనకట్ట ముగిసెను.

నేటికిని వేసవిలో డెల్టా కాలువలు కట్టివేయుదురు. ఎండిన కాలువను చూచి బాటసారి నిట్టూర్చును. రైతు అయితే పూడిక తీయుటకును గండ్లు పూడ్చుటకును ఇదే సమయమని ఎరుగును.

పరీక్ష వ్రాసి పనికై ఎదురుచూచు కుమారుడా, జబ్బునుండి లేచి ఇంకను చేనికి పోలేని తండ్రీ, బిడ్డలు పెండ్లిండ్లయి వెళ్లగా ఒంటరియైన తల్లీ, మీ కాలువ కూడ నేడు కట్టివేయబడి యుండవచ్చును. మీ చుట్టునున్న నేలను చూడుడి. ఎచ్చట ఎండినది? ఎచ్చట నీరు వృథాగా పోవుచున్నది? చేయగలిగినది చేయుడి. బలము లేనినాడు ఇతరుల చేతికి అప్పగించి, దేవునియందు విశ్రమించుడి. ప్రతివానికిని కడపట ఆనకట్ట కనబడునని మేము చెప్పలేము. సిద్ధపాటు మాత్రము వ్యర్థము కాదు.

కాటన్ దొరగారు 1899 జూలై 24న, తొంబదియారేండ్ల వయస్సున ప్రభువునందు నిద్రించెను. ఆయన కట్టిన ఆనకట్ట చోట 1982లో పూర్తియైన క్రొత్త బ్యారేజికి ఆయన పేరే పెట్టిరి. ఈసారి గోదావరి దాటునప్పుడు నీటిని మాత్రమే గాక, విశాఖపట్టణములో ఆయన కనిపెట్టిన ఆ దినములను కూడ తలంచుకొని, మన ఖాళీ దినములకొరకు ప్రభువును స్తుతింతము.