కారు స్టీరియోలో కూర్చున్న మేజర్

ముందే చెప్పేస్తున్నా, నాది ఎల్‌కేజీ నుంచీ ఇంగ్లీష్ మీడియం. ఒత్తులు, పొల్లులు ఎక్కడైనా జారితే క్షమించండి. కానీ ఈ కథ మాత్రం తెలుగులోనే చెప్పాలనిపించింది.

మా నాన్న కారు వయసు నా వయసు కంటే కొంచెమే తక్కువ. దాని స్టీరియోకి బ్లూటూత్ లేదు, ఆక్స్ కూడా లేదు. సీడీ ప్లేయర్ ఎప్పుడో చచ్చిపోయింది. మిగిలింది రేడియో ఒక్కటే. పోయిన సంక్రాంతికి హైదరాబాద్ నుంచి తణుకు దగ్గర మా అమ్మమ్మ వాళ్ల ఊరికి బయల్దేరే ముందు నేనొక చిన్న పరికరం కొన్నాను. సిగరెట్ లైటర్ సాకెట్‌లో గుచ్చేది. ఎఫ్ఎం ట్రాన్స్‌మిటర్ అంటారు. అది రెండు పనులు చేస్తుంది. కారు ఇచ్చే 12 వోల్టుల్ని 5 వోల్టులకి దించి ఫోన్ ఛార్జ్ చేస్తుంది. ఫోన్‌లో పాటని బ్లూటూత్‌తో తీసుకుని, కారులోపల మాత్రమే వినపడే ఒక బుల్లి రేడియో స్టేషన్‌లా ప్రసారం చేస్తుంది. దానిమీద 88.1 పెట్టి, స్టీరియోలో కూడా 88.1 పెడితే చాలు, ఫోన్‌లో పాట స్పీకర్లలో వస్తుంది.

సూర్యాపేట దాటేదాకా అంతా సూపర్. నాన్నకి ఘంటసాల, అమ్మకి ఇళయరాజా, నా వంతు వచ్చినప్పుడు నా ప్లేలిస్ట్. విజయవాడ దగ్గరపడ్డాక మాత్రం మా పాట ఉన్నట్టుండి మాయమై ఇంకేదో స్టేషన్ వచ్చేసింది. రెండూ కలిసిపోయి గోలగోలగా రాలేదు, మాది పూర్తిగా పోయి వాళ్లది పూర్తిగా వచ్చింది. ఎందుకలా అని వెతుకుతుంటేనే ఎడ్విన్ ఆర్మ్‌స్ట్రాంగ్ దొరికాడు. చంద్రుడి మీద దిగినాయన కాదు, ఎఫ్ఎం కనిపెట్టినాయన.

ఇంకో విషయం కూడా చెప్పాలి. ఆ ప్రయాణంలో ఛార్జింగ్‌లో ఉన్న నా ఫోన్‌లో ఒక పక్క పాటలు, ఇంకో పక్క ఒక మెయిల్ డ్రాఫ్ట్ నడుస్తున్నాయి. ఒక హ్యాకథాన్‌కి నేనూ, నా రూమ్మేటూ కలిసి ప్రాజెక్ట్ చేశాం. బహుమతి వచ్చింది, పోస్టర్ మీద పేరు మాత్రం తనది ఒక్కటే వచ్చింది. మూడు వారాలుగా ఒకే గదిలో ఉంటూ మాటల్లేవు. నా కమిట్లన్నిటికీ స్క్రీన్‌షాట్లు తీసి, తొమ్మిది పేరాల కంప్లైంట్ రాస్తున్నాను. ఆర్మ్‌స్ట్రాంగ్ కథ చదివింది ఆ మూడ్‌లో అన్నమాట.

ఆయన 1890 డిసెంబర్ 18న న్యూయార్క్‌లో పుట్టాడు. చిన్నప్పుడు ఒక నరాల జబ్బు చేసి రెండేళ్లు బడికి దూరమయ్యాడు. ఇంట్లో ఒంటరిగా ఉండి యంత్రాలతో ఆడుకోవడం అలవాటైంది. హైస్కూల్ రోజుల్లో యాంకర్స్ ఊళ్లో తమ ఇంటి పెరట్లో 125 అడుగుల యాంటెనా స్తంభం తనే నిలబెట్టి, దాని పైకెక్కి కూర్చునేవాడు. ఎత్తులంటే ఆయనకి భయం లేదు, పిచ్చి ఇష్టం. కొలంబియా యూనివర్సిటీలో ఇంజనీరింగ్‌లో చేరి, రోజూ మోటార్‌సైకిల్ మీద కాలేజీకి వెళ్లొచ్చేవాడు. డే స్కాలర్, మనలాగే.

1912లో, ఇంకా థర్డ్ ఇయర్‌లో ఉండగానే మొదటి పెద్ద ఆవిష్కరణ చేశాడు. అప్పటికి లీ డి ఫారెస్ట్ అనే ఆయన ఆడియన్ అనే వాక్యూమ్ ట్యూబ్ చేశాడు. అది లోపల ఎలా పనిచేస్తుందో ఎవరికీ సరిగ్గా తెలీదు. ఆర్మ్‌స్ట్రాంగ్ దాని అవుట్‌పుట్‌లో కొంత భాగాన్ని తిరిగి ఇన్‌పుట్‌కి పంపాడు. సిగ్నల్ తిరిగి తిరిగి పెరుగుతూ పోయి, హెడ్‌ఫోన్‌లో కష్టపడి వినాల్సిన శబ్దం గదంతా వినిపించింది. దీన్నే రీజెనరేషన్ అన్నారు. పేటెంట్ వేద్దామంటే డబ్బుల్లేవు. ముందు డిగ్రీ పూర్తి చెయ్యమన్నాడు తండ్రి. చివరికి ఒక బంధువు సలహాతో సర్క్యూట్ బొమ్మ గీసి, 1913 జనవరి 31న నోటరీ చేయించాడు. ఈ తేదీ గుర్తుపెట్టుకోండి.

మొదటి ప్రపంచ యుద్ధంలో సైన్యం తరఫున పారిస్ వెళ్లి మేజర్ అయ్యాడు. తర్వాత జీవితాంతం అందరూ ఆయన్ని మేజర్ అనే పిలిచారు. అక్కడే 1918లో సూపర్ హెటరోడైన్ తయారుచేశాడు. గాల్లోంచి వచ్చే ఏ ఫ్రీక్వెన్సీనైనా ముందు ఒక స్థిరమైన ఫ్రీక్వెన్సీకి మార్చుకుని, అక్కడ తీరిగ్గా వడగట్టి పెంచడం దీని సూత్రం. ఆ తర్వాత దశాబ్దాల పాటు వచ్చిన రేడియోలన్నీ దాదాపు ఈ సూత్రం మీదే నడిచాయి. నాన్న కారు స్టీరియో కూడా ఆ వంశమే.

ఆర్‌సీఏ అనే పెద్ద రేడియో కంపెనీ ఆయన పేటెంట్లు కొని డబ్బుతో పాటు షేర్లు ఇచ్చింది. ముప్ఫై మూడేళ్లు రాకముందే కోటీశ్వరుడు. ఆ కంపెనీలో పైకొస్తున్న డేవిడ్ సార్నాఫ్ మంచి స్నేహితుడు. సార్నాఫ్ సెక్రటరీ మారియన్ మెకిన్నిస్‌నే 1923 డిసెంబర్‌లో పెళ్లి చేసుకున్నాడు. పెళ్లి కానుక ఏంటో తెలుసా? మోసుకెళ్లగలిగే సూపర్ హెటరోడైన్ రేడియో! హనీమూన్‌కి తన హిస్పానో సూయిజా కారు నడుపుకుంటూ ఫ్లోరిడాలోని పామ్ బీచ్ వెళ్లారు. బీచ్‌లో ఆ పెట్టె పక్కన ఇద్దరూ కూర్చున్న ఫొటో ఇప్పటికీ కనిపిస్తుంది. అందులో ఇద్దరూ హాయిగా ఉంటారు. నాకు ఆయన జీవితంలో బాగా నచ్చిన చోటు ఇదే.

తర్వాతంతా కోర్టులే. రీజెనరేషన్ తనదేనని డి ఫారెస్ట్ కేసు వేశాడు. దాదాపు ఇరవై ఏళ్లు నడిచి, 1934లో సుప్రీంకోర్టు డి ఫారెస్ట్ వైపు తీర్పు ఇచ్చింది. జడ్జీలకి సర్క్యూట్ అర్థం కాలేదని చాలామంది ఇంజనీర్ల అభిప్రాయం. ఆర్మ్‌స్ట్రాంగ్ రేడియో ఇంజనీర్ల సభకి వెళ్లి, ఈ ఆవిష్కరణకి వాళ్లిచ్చిన పతకం తిరిగిచ్చేయబోయాడు. వాళ్లు తీసుకోలేదు. సభంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది.

ఆ కేసు నడుస్తున్నప్పుడే ఆయన అసలు పని చేశాడు. పాత ఏఎం రేడియోలో, పాటని బట్టి తరంగం ఎత్తు మారుతుంది. మెరుపు మెరిసినా, ఇంజన్‌లో స్పార్క్ వచ్చినా ఆ ఎత్తే చెదురుతుంది. పాట ఏదో గరగర ఏదో రేడియోకి తెలీదు. ఎత్తు అలాగే ఉంచి ఫ్రీక్వెన్సీని మారిస్తే? ఆ ఆలోచన పాతదే. 1922లో జాన్ కార్సన్ అనే ఇంజనీర్ లెక్కలు వేసి, ఎఫ్ఎం వల్ల లాభం లేదని తేల్చేశాడు. అందరూ సన్నటి బ్యాండ్‌లో ప్రయత్నించేవారు. ఆర్మ్‌స్ట్రాంగ్ రివర్స్‌లో వెళ్లి వెడల్పాటి బ్యాండ్ తీసుకున్నాడు. రిసీవర్‌లో ఎత్తు తేడాలన్నీ కత్తిరించేశాడు. గరగర పోయింది. దీనికి ఇంకో గుణం కూడా ఉంది. ఒకే ఫ్రీక్వెన్సీలో రెండు స్టేషన్లు వస్తే, బలంగా ఉన్నదే వినపడుతుంది, రెండోది అణిగిపోతుంది. నా పరికరం పనిచేసింది ఆ గుణం వల్లే. విజయవాడలో ఓడిపోయింది కూడా దానివల్లే.

1933 డిసెంబర్ 26న పేటెంట్లు వచ్చాయి. 1935లో ఇంజనీర్ల ముందు ప్రదర్శన ఇస్తే, యాంకర్స్ నుంచి గ్లాసులో నీళ్లు పోస్తున్న శబ్దం కూడా స్పష్టంగా వినిపించిందట. కానీ అప్పటికే ఆర్‌సీఏ, టెలివిజన్ పరీక్షల కోసమని ఎంపైర్ స్టేట్ బిల్డింగ్ మీంచి ఆయన సామాను తీసేయమంది. సొంత డబ్బుతో న్యూజెర్సీలోని ఆల్పైన్‌లో 400 అడుగులకి పైగా టవర్ కట్టుకున్నాడు. 1940లో ఆర్‌సీఏ పది లక్షల డాలర్లు ఒకేసారి ఇస్తామంది. మిగతా కంపెనీల్లాగే రాయల్టీ కట్టాలని ఆయన ఒప్పుకోలేదు. రెండో ప్రపంచ యుద్ధంలో మాత్రం తన పేటెంట్లు సైన్యానికి ఉచితంగా ఇచ్చేశాడు. ఇంజన్ రొదలో, కదులుతున్న ట్యాంకుల్లో కూడా ఎఫ్ఎం వినపడింది. బండిలో రేడియో శుభ్రంగా వినొచ్చని అక్కడ రుజువైంది.

1945లో అమెరికా ప్రభుత్వ కమిషన్ ఎఫ్ఎంని 42-50 మెగాహెర్ట్జ్ నుంచి 88-108కి మార్చింది. అప్పటికే జనం కొన్న లక్షల సెట్లు ఒక్కసారిగా పనికిరాకుండా పోయాయి. మన స్టీరియోలో 88 నుంచి 108 దాకా కనిపించే అంకెలున్నాయే, అవి ఆయన గాయం గుర్తులు. 1948లో ఆర్‌సీఏ మీద కేసు వేశాడు. కేసు సాగుతూనే ఉంది, పేటెంట్ల గడువు అయిపోయింది, డబ్బు కరిగిపోయింది. ఇంట్లో కూడా మాట్లాడితే కేసే. 1953 నవంబర్‌లో డబ్బు గురించి గొడవపడి మారియన్ చేతిమీద కొట్టాడు. దీన్ని సమర్థించడానికేం లేదు. ఆమె చెల్లెలి ఇంటికి వెళ్లిపోయింది. 1954 జనవరి 31 రాత్రి, ఆమెకి ఒక ఉత్తరం రాసిపెట్టి, ఆయన ప్రాణం తీసుకున్నాడు. నోటరీ సంతకం పడి అప్పటికి సరిగ్గా 41 ఏళ్లు.

ఆ ఏడాది చివర్లోనే ఆర్‌సీఏ సెటిల్ చేసుకుంది. ఎంతకో తెలుసా? సుమారు పది లక్షల డాలర్లకి. మిగతా కంపెనీల మీద కేసుల్ని మారియన్ నడిపింది. చివరిది 1967లో గెలిచింది. అంటే ఎఫ్ఎం పూర్తిగా ఆయనదేనని తేలేసరికి ఆయన పోయి పదమూడేళ్లు. మన దేశంలో ఆకాశవాణి ఎఫ్ఎం 1977లో మద్రాసులో మొదలైంది.

ఆర్మ్‌స్ట్రాంగ్ తప్పని నేననడం లేదు. ఆయనే కరెక్ట్. నన్ను భయపెట్టింది కూడా అదే. మనం కరెక్ట్ అయినంత మాత్రాన మనకేం కాదని గ్యారంటీ లేదు. ఎఫ్ఎంలోలాగే ఆయన లోపల కూడా బలమైన సిగ్నలే మిగిలింది. కేసు గెలిచి, పామ్ బీచ్ అణిగిపోయింది.

ఏలూరు దాటాక నాన్న కొత్త ఫ్రీక్వెన్సీ పెట్టమన్నాడు. 107 దగ్గర ఒక ఖాళీ దొరికింది. మళ్లీ ఘంటసాల వచ్చాడు. ఇదంతా చదవడం అయ్యేసరికి తాడేపల్లిగూడెం వచ్చింది. నా డ్రాఫ్ట్‌లో తొమ్మిది పేరాలు తీసేసి రెండు లైన్లు ఉంచాను. నా కమిట్ల లింక్, పోస్టర్‌లో నా పేరు కూడా చేర్చమని ఒక రిక్వెస్ట్. పంపేశాను. నా హక్కు నేను వదులుకోలేదు. తర్వాత పాట ఆపి, రూమ్మేట్‌కి ఫోన్ చేశాను. మొదటి నిమిషం ఇద్దరికీ మాట రాలేదు. తర్వాత వాళ్లింట్లో అరిసెలు వండారా అని అడిగాను.

పోస్టర్ ఇంకా మారలేదు. గదిలో మాత్రం మాటలు మొదలయ్యాయి.