పంపమహాకవి - విక్రమార్జునవిజయమున కర్ణపాత్ర

కన్నడమున ఆదికవిగా ప్రసిద్ధుడైన పంపమహాకవి క్రీ.శ. 902లో జన్మించెను. పూర్వులది వేంగిదేశము. వైదికబ్రాహ్మణ వంశమున పుట్టిన తండ్రి భీమపయ్య జైనమును స్వీకరించెను. తల్లి అబ్బణబ్బె. తమ్ముడు జినవల్లభుడు కరీంనగరమండలమున కురిక్యాల చేరువనున్న బొమ్మలగుట్టపై సంస్కృత కన్నడాంధ్రములలో శాసనము వేయించెను. నన్నయకు పూర్వపు కందపద్యములు అందున్నవి గనుక తెలుగువారు తమ్ముని తలతురు. అన్నను పొరుగువానినిగా చూతురు. ఇది న్యాయము కాదు.

పంపని ఏలిక వేములవాడ చాళుక్యుడైన రెండవ అరికేసరి. ఆ వంశమువారు తొలుత పోదనమునుండి ఏలిరి. అదియే నేటి నిజామాబాదు జిల్లాలోని బోధన్. బాహుబలి రాజధానియైన పౌదనపురము ఇదియే యని ఐతిహ్యము. 941లో ముగిసిన ఆదిపురాణమున పంపడు భరతబాహుబలుల కథ చెప్పెను. అన్న చక్రము ప్రయోగించెను. గెలిచిన తమ్ముడు రాజ్యము విడిచి తపమునకు పోయెను. అయినను అందు భరతుడు దుష్టుడు కాడు. దోషము రాజ్యలోభమునది. ఈ దృష్టితోనే కవి భారతము నారంభించెనని గ్రహింపనిచో విక్రమార్జునవిజయము మనకు అందదు.

ఆ చంపువు కఠినము. ప్రాచీనకన్నడము, సంస్కృతసమాసములు, శ్లేష అందు పెనవైచుకొన్నవి. అర్జునుడే అరికేసరి, ద్రౌపది అతని కొక్కనికే భార్య, తుదకు సుభద్రతో పట్టాభిషిక్తు డగువాడును అతడే. మొదటిసారి చదివినవానికి ఇది రాజస్తుతిగా మాత్రమే తోచును. మరల చదివినపుడు కర్ణుడు అడ్డుపడును.

ప్రతినాయకుని వంశవీర్యశ్రుతాదులను వర్ణించి, అట్టివానిని జయించినందున నాయకునకు ఉత్కర్ష చెప్పుట హృద్యమని దండి లక్షణము. పంపని కర్ణుడు ఈ లక్షణమునకు లోబడడు. ఇతని గొప్పతనము అర్జునుని పెంచుట కాదు, అర్జునునినుండి మన చూపును మరల్చును. భారతమున ఒక్కని తలచుకొనదలచినచో కర్ణుని తలచుకొనుడని కవియే చెప్పినాడు. ఇది ఉత్కర్షాలంకార మనుట సాహసము.

కృష్ణుడు జన్మరహస్యము చెప్పి పిలిచినపుడు కర్ణుడు కదలకుండుటకు కారణ మేమి? దుర్యోధనుని ఉప్పు తినినాడు, అది యొకటి. పంపడు మరియొక ఘట్టమును కూడ కల్పించెను. భానుమతితో పాచికలాడు వేళ ముత్యాలహారము తెగినది; దుర్యోధనుడు చూచియు అనుమానింపలేదు. ఆ పద్యమున పందెము లాడినవా రెవరు, హారము లాగిన దెవరు అను అన్వయమును గూర్చి కన్నడపండితులు దీర్ఘముగా వాదించిరి. ఆ వాదము వ్యాకరణమునకు అవసరమే గాని, ఏ అన్వయమున చూచినను తేలునది ఒక్కటియే: కర్ణుని కట్టివేసినది దుర్యోధనుని దౌర్జన్యము గాదు, అతని విశ్వాసము. అధర్మపక్షమున నున్న యొక సద్గుణము సత్పురుషుని అధర్మమున నిలిపినది. పాండవపక్షము ధర్మము, కౌరవపక్షము అధర్మము అను విభాగము ఇచట చాలదు.

మరియొక చిక్కు గలదు. రాష్ట్రకూట చక్రవర్తి నాలుగవ గోవిందుని కోపమునకు గురియైన విజయాదిత్యునకు అరికేసరి అభయమిచ్చెను. 935 ప్రాంతమున గోవిందుని పతనమునకు తోడ్పడెను. శరణాగతుని కొరకు ప్రభువును ధిక్కరించిన సామంతుడు కావ్యమునకు నాయకుడు. ప్రభువు దోషి యని యెరిగియు విడువనివాడు అదే కావ్యమునకు హృదయము. కవి ఈ రెంటిలో దేనిని ఖండింపలేదు. తానును కత్తి పట్టినవాడే గనుక స్వామిభక్తి యొక్క వెల అతనికి తెలియును.

అటుపిమ్మట రన్నడు గదాయుద్ధమున దుర్యోధనునకు ఇచ్చిన గాంభీర్యము పంపడు తెరచిన త్రోవలోనిదే.

ఆరు మాసములలో ముగిసిన ఈ భారతమును అరికేసరి వినెను. తనతో అభేదము చెప్పబడిన అర్జునునకు ప్రతిపక్షియైన కర్ణుని అందు అంతగా కొనియాడినను అలుగలేదు. ధర్మవుర మను అగ్రహారమును కవికి దానము చేసెను.