ఎమిల్ పోస్ట్ - సూత్రాలకు ప్రాణం పోసిన గణితవేత్త

పులివెందుల ప్రాంతపు చీనీ తోటలో అనుభవజ్ఞుడైన రైతు ఆకును చూచి లోపం చెప్పగలడు. ఆకులు చిన్నవై, ఈనెలు పచ్చగా ఉండి, నడుమ భాగం పసుపుబారితే జింకు లోపమని అనుమానిస్తాడు. ఇట్టి నియమాలను వందలకొలదిగా కూర్చి కంప్యూటరుకు అందిస్తే, నిపుణుని వలె సలహా చెప్పే వ్యవస్థ ఏర్పడుతుంది. నియమాల వరుసను మనం నిర్ణయించనక్కరలేదు. ఎదుటనున్న విషయాలకు ఏ నియమం సరిపోతుందో యంత్రమే వెదకి, అమలుపరచి, లభించిన కొత్త విషయంతో మరల వెదకుతుంది. ఈ పద్ధతికి గణితరూపం ఇచ్చిన మహనీయుడు ఎమిల్ పోస్ట్.

ఆయన 1897 ఫిబ్రవరి 11న, నాటి రష్యా సామ్రాజ్యంలోని అగస్టోవ్‌లో ఒక యూదు కుటుంబంలో జన్మించారు. 1904లో న్యూయార్కు చేరారు. బాల్యంలోనే ప్రమాదవశాత్తు ఎడమ చేయి కోల్పోయారు. ఖగోళశాస్త్రం ఆయన చిన్ననాటి ఆశ. ఒంటిచేతివానికి ఆ వృత్తి సాధ్యమా అని వేధశాలలకు వ్రాయగా, నిరుత్సాహకరమైన ప్రత్యుత్తరాలు వచ్చాయి. ఆయన గణితం వైపు మరలి, 1920లో కొలంబియా విశ్వవిద్యాలయం నుండి డాక్టరేటు పొందారు.

ఆ మరుసటి ఏడాది, ఏ నియమావళికీ పూర్తిగా లొంగని ప్రశ్నలు గణితంలో ఉన్నాయని గ్రహించారు. కాని సమగ్ర నిరూపణ కోసం ఆగి ప్రకటించలేదు. మనోవ్యాధి కూడ పీడించింది. 1931లో గోడెల్ అట్టి ఫలితాన్నే నిరూపించి విఖ్యాతుడయ్యారు. పోస్ట్ అసూయ చెందక, ఆయన ఘనతను అంగీకరించారు. తన పూర్వకృషిని వివరిస్తూ 1941లో పంపిన వ్యాసం తిరస్కృతమై, 1965లో, మరణానంతరం వెలువడింది.

సిటీ కాలేజిలో బోధనాభారం అధికం. వైద్యుల సలహాపై పరిశోధనకు రోజుకు మూడు గంటలే కేటాయించేవారు. ఆ స్వల్పకాలంలోనే సాధించిన ఫలితాలను 1936లోను, 1943లోను ప్రకటించారు. రెండవ వ్యాసంలోనిదే నేడు ప్రొడక్షన్ సిస్టమ్ అనబడే సూత్రవిధానం. 1954 ఏప్రిల్ 21న ఆయన కన్నుమూశారు.

తరువాత కార్నెగీ మెలన్‌లో న్యూవెల్, సైమన్‌లు ఆ విధానాన్ని మానవ చింతన అధ్యయనానికి వినియోగించారు. అక్కడే రూపొందిన ఆర్-1 అనే వ్యవస్థ 1980 నాటికి కంప్యూటరు ఆర్డర్లలోని భాగాలను సరిగా అమర్చసాగింది. చిత్తూరు జిల్లా బిడ్డ రాజ్ రెడ్డి ఆచార్యులైనది ఆ విశ్వవిద్యాలయంలోనే.

ప్రొద్దుటూరు, జమ్మలమడుగుల విద్యార్థి మిత్రులారా! అంగవైకల్యం ఆయన బుద్ధిని అడ్డగించలేదు. ప్రకటించడంలోని జాప్యమే ఆయనకు కీర్తిని దూరం చేసింది. తెలిసినదానిని సకాలంలో వ్రాసి పదిమందికి అందించుట విద్యావంతుని ధర్మం.